వాల్వు జబ్బు: ఆపరేషన్‌కు ముందు ఆలస్యం, తర్వాత అశ్రద్ధ

"ఆపరేషన్ చేస్తే ఎంత శాతం గ్యారంటీ అండీ?" వాల్వు జబ్బుతో, అంటే గుండెలో రక్తాన్ని ఒకే దిక్కుకు వదిలే తలుపు పాడై, మనిషిని వార్డులో చేర్చిన ఇంటివాళ్లు ముందుగా అడిగేది ఇదే. అడగాల్సిన మాటే. కానీ జవాబు ఒక్క అంకెలో రాదు. అదే వాల్వు, అదే ఆపరేషన్, అదే సర్జన్ అయినా సరే, నడుచుకుంటూ ఓపీకి వచ్చి తేదీ తీసుకున్న మనిషికీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరి అర్ధరాత్రి 108లో వచ్చిన మనిషికీ ఫలితం వేరుగా ఉంటుంది. ఆపరేషన్ బాగా జరిగినవాళ్లలో కూడా, రక్తం పలచన చేసే మాత్ర క్రమంగా వాడినవాళ్లకూ, నాలుగు నెలలు వాడి మానేసినవాళ్లకూ మధ్య తేడా ఇంకా పెద్దది. థియేటర్‌లో గడిచే నాలుగైదు గంటల గురించి మనవాళ్లు పడే ఆందోళనలో సగమైనా ముందు పోయిన నెలల మీద, తర్వాత రాబోయే ఏళ్ల మీద పెడితే చాలా ప్రాణాలు నిలుస్తాయి. ఈ పోస్టు రాస్తున్నది అందుకే.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పెద్దవాళ్లలో కనిపించే వాల్వు జబ్బులు ప్రధానంగా రెండు దారుల్లో వస్తాయి. ఒకటి రుమాటిక్. చిన్నప్పుడు వచ్చిన గొంతునొప్పి, ఆ తర్వాత కీళ్ల వాపులతో జ్వరం, అప్పుడు ఎవరూ పట్టించుకోని సంగతి. పదిహేను, ఇరవై ఏళ్లు గడిచాక గుండె ఎడమవైపు పైగదికీ (కర్ణిక), కింది గదికీ (జఠరిక) మధ్య ఉండే మైట్రల్ వాల్వు అంచులు అతుక్కుపోయి సందు ఇరుకవుతుంది. ఇది ఎక్కువగా ఇరవై నుంచి యాభై మధ్య వయసు ఆడవాళ్లలో చూస్తాం. రెండోది వయసుతో, గుండె నుంచి ఒంటికి రక్తం పోయే దారిలో ఉండే అయోర్టిక్ వాల్వుకు సున్నం పట్టి గట్టిపడటం. పుట్టుకతోనే అయోర్టిక్ వాల్వుకు మూడు రెక్కల బదులు రెండే ఉన్నవాళ్లు నూటికి ఒకరిద్దరు ఉంటారు. వాళ్లలో ఇదే జబ్బు పది, ఇరవై ఏళ్లు ముందే బయటపడుతుంది. ఇవి కాక మైట్రల్ వాల్వును పట్టి ఉంచే తీగ ఒకటి హఠాత్తుగా తెగి, ఒక్క రోజులో తీవ్రమైన లీకు పుట్టే కేసులూ ఉన్నాయి. అలాంటివాళ్లు ఏ ముందు హెచ్చరికా లేకుండా నేరుగా ఐసీయూకే వస్తారు.

రుమాటిక్ జబ్బులో ఏమవుతుందో చెప్పే పెద్ద లెక్క ఒకటి ఉంది. 24 దేశాల్లో 13,696 మంది రోగులను మూడేళ్లకు పైగా వెంబడించి 2024లో ప్రచురించారు. ఆ కాలంలో దాదాపు 15 శాతం మంది చనిపోయారు. అధ్యయనంలో చేరిన రోగుల సగటు వయసు డెబ్బై అనుకునేరు, నలభై మూడు. మరణాల్లో ఎక్కువ భాగం గుండె వైఫల్యం వల్ల, గుండె హఠాత్తుగా ఆగిపోవడం వల్ల జరిగాయి. బెలూన్‌తో వాల్వు తెరిపించుకున్నవాళ్లలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో మరణాలు చాలా తక్కువ. ఆపరేషన్‌కు తట్టుకోగలిగినవాళ్లకే ఆపరేషన్ చేస్తారు గనుక ఆ తేడా మొత్తాన్నీ చికిత్స ఖాతాలో వేయలేం. అయినా మందులతో నెట్టుకొస్తే సరిపోతుందన్న భ్రమ తొలగిపోవడానికి ఈ లెక్క చాలు. వాల్వు జబ్బు యాంత్రికమైన జబ్బు. లాసిక్స్ మాత్ర నీరు తీస్తుంది గానీ అతుక్కున్న వాల్వును తెరవలేదు.

ఎకో కాగితంలో చూడాల్సినవి

చేరిన రోజు ఫైలులో, అంటే ఎకో (గుండె స్కానింగ్), ఈసీజీ, రక్తపరీక్ష కాగితాల్లో, నాలుగు విషయాలు చూస్తే ఫలితం ఎటువైపు మొగ్గుతుందో చాలావరకు తెలుస్తుంది. వాటిలో మొదటిది ఈఎఫ్, అంటే ఎడమ జఠరిక ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం శాతం. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. మైట్రల్ లీకు తీవ్రంగా ఉన్న మనిషి రిపోర్టులో ఈఎఫ్ 58 అని ఉంటే "బాగానే ఉంది, ఇంకా ఆగొచ్చు" అనుకుంటారు. లీకున్న గుండెకు రక్తాన్ని నెట్టడం తేలిక, ఎందుకంటే కొంత రక్తం తక్కువ ఒత్తిడి ఉన్న ఎడమ కర్ణికలోకి వెనక్కి పోతుంది. అందుకే అంకె ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది. ఆ గుండెకు 60 లేదా అంతకన్నా తక్కువ అంటే కండరం అప్పటికే దెబ్బతినడం మొదలైందని అర్థం. జఠరిక ముడుచుకున్నప్పటి వ్యాసం 40 మి.మీ. లేదా అంతకు మించినా అంతే. ఈ రెండింటిలో ఏది కనిపించినా, ఆయాసం లేకపోయినా సరే, ఆపరేషన్ గురించి మాట్లాడాలి. అయోర్టిక్ లీకుకు హద్దులు వేరు: ఈఎఫ్ 55 లేదా అంతకు తక్కువ, లేదా ముడుచుకున్నప్పటి వ్యాసం 50 మి.మీ. దాటడం.

రెండోది ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి. రిపోర్టులో పీఏ ప్రెషర్ అనో, ఆర్‌వీఎస్‌పీ అనో రాస్తారు. ముప్పై ఐదు లోపు ఉంటే మంచిది. అరవై, డెబ్బై దాటి, కాళ్లకు నీరు చేరి, కాలేయం ఉబ్బి వచ్చినవాళ్లకు కుడి గుండె కూడా అలిసిపోయిందన్నమాట. మైట్రల్ వాల్వు మార్చగానే ఈ ఒత్తిడి చాలామందిలో దిగుతుంది, కొందరిలో సగమే దిగుతుంది. ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ మీంచి ఆలస్యంగా బయటికొచ్చేవాళ్లలో ఈ గుంపు ఎక్కువ.

మూడోది ఈసీజీలో లయ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే కర్ణికలు లయ తప్పి వణకడం, మొదలైందంటే ఎడమ కర్ణికలో రక్తం నిలిచి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. మూతి వంకర, చెయ్యి పడిపోవడంతో న్యూరాలజీలో చేరిన ముప్పై ఐదేళ్ల మనిషికి ఎకో తీస్తే మైట్రల్ స్టెనోసిస్ (వాల్వు సందు ఇరుకవడం) బయటపడటం మన దగ్గర అరుదైన సంగతి కాదు. నాలుగోది క్రియాటినిన్, మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష. మూత్రపిండాలు మందగించాక వచ్చిన మనిషికి ఆపరేషన్ సమయంలో గుండె పని చేసిపెట్టే బైపాస్ మిషన్ మీద గడిపే ప్రతి గంటా భారమే.

అమెరికా సర్జన్ల రిజిస్ట్రీ లెక్కల్లో ముందే తేదీ పెట్టుకుని చేసే ఒక్క అయోర్టిక్ వాల్వు మార్పిడికి మరణాలు సుమారు 2 శాతం. మైట్రల్ రిపేరుకు ఒక శాతం దరిదాపు, మైట్రల్ మార్పిడికి 5 శాతం దరిదాపు. రెండు వాల్వులు కలిపి చేస్తే, అత్యవసరంగా చేస్తే, ఇన్‌ఫెక్షన్ ఉండగా చేస్తే ఈ అంకెలు రెట్లలో పెరుగుతాయి. మీ డాక్టరుగారిని "గ్యారంటీ ఎంత" అనకుండా, "ఈ నాలుగింటిలో మావాళ్లకు ఏది బాగాలేదు? ఆపరేషన్‌కు ముందు దేన్ని బాగుచేయగలం?" అని అడగండి. చర్చ అక్కణ్ణుంచి పనికొచ్చేలా సాగుతుంది. రక్తహీనత ఉంటే సరిచేయొచ్చు. పుచ్చిన పళ్లు ముందే తీయించొచ్చు. కాళ్ల నీరు నాలుగైదు రోజులు ఇంజెక్షన్లతో దింపి, తేలికపడ్డాక థియేటర్‌కు తీసుకెళ్లొచ్చు.

బెలూన్ ఎవరికి పనిచేస్తుంది

మైట్రల్ స్టెనోసిస్ గురించి కొంచెం విడమరిచి చెప్పాలి. మన ప్రాంతంలో పెద్దవాళ్ల వాల్వు జబ్బుల్లో, కత్తి పెట్టకుండా బెలూన్‌తోనే ఏళ్ల తరబడి మేలు చేయగలిగేది ప్రధానంగా ఇదే.

మామూలు మైట్రల్ వాల్వు సందు 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు. 1.5 లేదా అంతకు తగ్గితే తీవ్రం అంటారు. గుండె నెమ్మదిగా కొట్టుకుంటున్నప్పుడు ఈ ఇరుకు సందులోంచి రక్తం దిగడానికి సమయం ఉంటుంది. వేగం 130 అయ్యేసరికి ఆ సమయం చాలదు, రక్తం ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. అందుకే ఇన్నాళ్లూ ఇంటిపని చేసుకుంటూ తిరిగిన మనిషి, జ్వరం వస్తేనో, గర్భం ఆరో నెల దాటితేనో, ఫిబ్రిలేషన్ మొదలైతేనో రాత్రికి రాత్రే గులాబీరంగు నురగ కక్కుతూ వస్తుంది. మొదటి గంటలో చేసేది ఆక్సిజన్, లాసిక్స్ ఇంజెక్షన్, గుండె వేగం తగ్గించే మందు. వేగం తగ్గించడమే ఇక్కడ కీలకం. నీరు తీసే మందు ఒక్కటే ఇచ్చుకుంటూ వేగాన్ని వదిలేస్తే ఆయాసం తిరగబెడుతుంది.

బెలూన్‌కు పనికొస్తుందా లేదా అన్నది ఎకోలో తేలుతుంది. రెక్కల కదలిక, మందం, సున్నం, కింద ఉండే తీగల మందం, ఈ నాలుగింటికీ ఒకటి నుంచి నాలుగు మార్కులు వేస్తారు. మొత్తం 8 లేదా అంతకు తక్కువైతే ఫలితం సాధారణంగా బాగుంటుంది. ఎడమ కర్ణికలో గడ్డ ఉంటే బెలూన్ చేయకూడదు. ఇది చూడటానికి ఛాతీ మీంచి చేసే ఎకో చాలదు, గొంతులోంచి గొట్టం పంపే టీఈఈ కావాలి. గడ్డ ఉంటే రెండు మూడు నెలలు రక్తం పలచన చేసే మందు వాడి మళ్లీ టీఈఈ చేస్తారు. లీకు మధ్యస్థం లేదా అంతకు మించి ఉన్నా బెలూన్ వద్దు, ఆపరేషనే దారి.

క్యాథ్ ల్యాబ్‌లో, అంటే గొట్టాలతో గుండెకు చికిత్స చేసే గదిలో, జరిగేది ఇదీ. గజ్జల దగ్గర సిర గుండా గొట్టం కుడి కర్ణికలోకి పోతుంది. రెండు కర్ణికల మధ్య గోడను సూదితో పొడిచి ఎడమవైపు వెళ్తారు. ప్రమాదం ఎక్కువగా ఉండే క్షణం ఇదే. సూది దారి తప్పితే గుండె చుట్టూ రక్తం చేరుతుంది. తర్వాత బెలూన్‌ను వాల్వులోకి దించి, పలచన చేసిన రంగుమందుతో ఉబ్బిస్తారు. ఈ పనికి వాడే ఇనౌయే బెలూన్‌లో మొదట ముందు కొన ఉబ్బుతుంది, తర్వాత వెనక భాగం, చివరికి నడుము. ఆ నడుము నొక్కు తెరమీద మాయమైందంటే అతుక్కున్న అంచులు విడిపోయాయని అర్థం. సైజుకు ఒక సులువైన లెక్క: ఎత్తు సెంటీమీటర్లలో తీసుకుని పదితో భాగించి, పది కలపాలి. 160 సెం.మీ. మనిషికి 26 మి.మీ. అనుభవమున్నవాళ్లు ఒకేసారి ఆ సైజుకు పోరు. రెండు మి.మీ. తక్కువతో మొదలుపెట్టి, ప్రతిసారీ ఎకోలో లీకు చూసుకుంటూ పెంచుతారు. ఎడమ కర్ణిక ఒత్తిడి పాతిక నుంచి పది, పన్నెండుకు అక్కడికక్కడే దిగడం మానిటర్ మీద కనిపిస్తుంది. రోగి ఆ రాత్రే వెల్లకిలా పడుకోగలుగుతుంది.

సందు 1.5 దాటి, లీకు పెరగకుండా ఉంటే విజయం. చెడితే ఎక్కువగా చెడేది రెక్క చిరిగి తీవ్రమైన లీకు రావడం. అప్పుడు త్వరగా వాల్వు మార్చాలి. అందుకే పక్కనే గుండె సర్జన్ ఉన్నచోటే బెలూన్ చేయించుకోవాలని నా సలహా. పది, పదిహేనేళ్లకు మళ్లీ ఇరుకవచ్చు. ఆ లోపు వచ్చిన ఏళ్లు ఆ ఇంటికి చిన్నవి కావు: పిల్లలు పెరుగుతారు, గర్భం సురక్షితంగా దాటుతుంది, రక్తం పలచన చేసే మందు అవసరం వాయిదా పడుతుంది.

అయోర్టిక్ స్టెనోసిస్‌లో మాత్రం పెద్దవాళ్లకు బెలూన్ నిలవదు. కొన్ని నెలల్లో మొదటికొస్తుంది. సందు 1 చదరపు సెం.మీ.కు తగ్గి, ఛాతీనొప్పో, కళ్లు తిరిగి పడిపోవడమో, ఆయాసమో మొదలైతే, వాల్వు మార్చకుండా వదిలేసినవాళ్లలో సగంమంది రెండేళ్లు దాటరు. ఇందులో ఒక్క జాగ్రత్త ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీనొప్పి అనగానే నాలుక కింద సార్బిట్రేట్ పెట్టే అలవాటు ఉంది కదా, ఈ జబ్బున్న మనిషికి బీపీ ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పొచ్చు. తొడ గుండా వాల్వు పెట్టే టావీ పద్ధతిని 2002లో ఫ్రాన్స్‌లో మొదలుపెట్టారు. ఆపరేషన్‌కు తట్టుకోలేని పెద్దవయసువాళ్ల మీద చేసిన తొలి పెద్ద అధ్యయనంలో, మందులతో సరిపెట్టినవాళ్లలో ఏడాదికి సగంమంది చనిపోగా, టావీ చేసినవాళ్లలో 31 శాతం చనిపోయారు. విజయవాడలో టావీ జరుగుతోంది. అడ్డంకి ఖర్చే.

స్టీలు వాల్వా, టిష్యూ వాల్వా

మనవాళ్లు స్టీలు వాల్వు అనేది నిజానికి ఎక్కువగా కార్బన్‌తో చేసింది. అరగదు, కానీ దానిమీద గడ్డ కట్టకుండా బతికినంతకాలం మాత్ర వేసుకోవాలి. టిష్యూ వాల్వు పశువు గుండెపొర నుంచి గానీ పంది వాల్వు నుంచి గానీ చేస్తారు. కొన్ని నెలల తర్వాత మాత్ర మానేయొచ్చు, కానీ అది అరుగుతుంది. ముప్పై ఏళ్ల మనిషికి పది, పన్నెండేళ్లలోనే పాడు కావచ్చు, డెబ్బై ఏళ్ల మనిషికి జీవితాంతం సరిపోవచ్చు. యాభై లోపు స్టీలు, అరవై ఐదు దాటితే టిష్యూ అన్నది పుస్తకం మాట. దీనికి నేను ఒక ప్రశ్న జోడిస్తాను: ఇంటి నుంచి ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చేసే ల్యాబు ఎంత దూరం, నెలనెలా ఎవరు తీసుకెళ్తారు? దివిసీమ లంకలోనో, పల్నాడు తండాలోనో ఒంటరిగా ఉండే నలభై ఎనిమిదేళ్ల మనిషికి ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే, వయసు లెక్క ఒక్కటే చూసి స్టీలు వాల్వు పెట్టడం సరికాదు. మనదేశంలో తయారైన శ్రీచిత్ర వాల్వును తిరువనంతపురంలో 1990 డిసెంబరులో మొదటిసారి అమర్చారు. ధర తక్కువ, పనితనం దశాబ్దాలుగా పరీక్షకు నిలిచింది. అది పెట్టారని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

లీకు ఉన్న మైట్రల్ వాల్వును మార్చకుండా రిపేరు చేయగలిగితే అదే మేలు. కానీ రుమాటిక్ వాల్వులో రిపేరు కష్టం. బాగా అనుభవమున్న చేతికే నిలుస్తుంది.

డిశ్చార్జి తర్వాత ఐఎన్‌ఆర్

అసలు చెప్పాల్సింది ఇక్కడే ఎక్కువ. స్టీలు వాల్వు పెట్టించుకున్నవాళ్లకు మైట్రల్ అయితే ఐఎన్‌ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య, ఇతర ప్రమాదాలేమీ లేని అయోర్టిక్ అయితే 2 నుంచి 3 మధ్య ఉండాలి. మీ లక్ష్యం ఎంతో డిశ్చార్జి కాగితం మీద అంకెల్లో రాయించుకోండి. రాయకపోతే అడగండి. ఊళ్లో మరో డాక్టరు చూసినప్పుడు 3.2 చూసి భయపడి మాత్ర తగ్గించడం, మైట్రల్ వాల్వు రోగికి జరిగే అన్యాయం.

రక్తం పలచన చేయడానికి మన దగ్గర ఎక్కువమందికి ఎసిట్రోమ్ రాస్తారు, కొందరికి వార్ఫారిన్. రెండూ ఒకే కుటుంబం, ఒకే మందు కాదు. ఎసిట్రోమ్ రెండు మిల్లీగ్రాములు దాదాపు వార్ఫారిన్ నాలుగుకు సమానం. షాపులో "అదే అండీ, కంపెనీ వేరు" అని ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే తీసుకోవద్దు. సాయంత్రం ఒకే వేళకు వేసుకోవాలి. సాయంత్రం ఎందుకంటే, ఉదయం రక్తం ఇచ్చి మధ్యాహ్నానికి ఫలితం వస్తే ఆ రాత్రే మోతాదు మార్చుకోవచ్చు. మర్చిపోతే అదేరోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాటికి గుర్తొస్తే వదిలేయండి, రెండు కలిపి వేసుకోవద్దు.

మోతాదును రోజుల్లో కాదు, వారంలో లెక్కించాలి. రోజూ 2 మి.గ్రా. వేసుకునే మనిషికి వారానికి 14. మైట్రల్ స్టీలు వాల్వు, ఐఎన్‌ఆర్ 2.1 వచ్చింది, మాత్రలు మానలేదు. రోజూ 3 చేస్తే వారానికి 21, అంటే యాభై శాతం పెంచినట్టు. పది రోజుల్లో ఐఎన్‌ఆర్ 6 దాటి చిగుళ్లలోంచి రక్తం వస్తుంది. చేయాల్సింది, సోమవారం, గురువారం 3, మిగతా రోజులు 2. మొత్తం 16, అంటే 14 శాతం పెంపు. వారం తర్వాత మళ్లీ పరీక్ష. మార్పు ఎప్పుడూ 5 నుంచి 20 శాతం లోపే ఉండాలి. క్యాలెండరులో ఏ రోజుకు ఎంతో రాసి వంటింటి గోడకు తగిలిస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఐఎన్‌ఆర్ అయిదు దాటి రక్తస్రావం లేకపోతే డాక్టరుతో మాట్లాడి ఒకటి రెండు మోతాదులు ఆపడంతో సాధారణంగా సరిపోతుంది. నల్లటి విరోచనం, ఎర్రటి మూత్రం, తలకు దెబ్బ, భరించలేని తలనొప్పి, వీటిలో ఏదున్నా వెంటనే ఆసుపత్రి.

తిండి విషయంలో "ఆకుకూరలు పూర్తిగా మానేయండి" అని చెప్పే అలవాటుతో నేను ఏకీభవించను. గోంగూర, తోటకూర, మునగాకు, పాలకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది మందు బలాన్ని తగ్గిస్తుంది. నిజమే. కానీ గుంటూరు మనిషి గోంగూర ఎన్నాళ్లు మానగలడు? నెల మానేసి, పెళ్లిభోజనంలో నాలుగు ముద్దలు తిన్నప్పుడే ఐఎన్‌ఆర్ ఊగుతుంది. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే రెండుసార్లే తినండి, ఆ తిండికి తగ్గట్టు మందు సరిచేస్తారు. భవానీ దీక్ష, అయ్యప్ప దీక్ష వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. నలభై ఒక్క రోజులు ఒంటిపూట భోజనంతో తిండి సగమైతే అదే మాత్రకు ఐఎన్‌ఆర్ పైకి పోతుంది. దీక్ష మొదలైన వారానికి ఒకసారి, విరమించిన వారానికి ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

తిండికంటే ప్రమాదం వేరే మందులతో. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్, విరోచనాలకు మెట్రోనిడజోల్, తామరకు ఫ్లూకొనజోల్, మూత్రంలో మంటకు కో-ట్రైమాక్సజోల్, ఇవన్నీ రక్తస్రావం ముప్పు పెంచేవే. మొదటిది కడుపులో పుండు చేస్తుంది, మిగతా మూడూ ఐఎన్‌ఆర్‌ను ఎగదోస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా ఎదురు, మాత్ర మూడురెట్లు వేసినా ఐఎన్‌ఆర్ లేవదు. టీబీ కోర్సు ముగిశాక మోతాదు తగ్గించడం మరిస్తే అప్పుడు రక్తస్రావం. నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్ ఫరవాలేదు, రోజుకు రెండు గ్రాముల లోపు, కొద్దిరోజులే.

కొత్తగా వచ్చిన, పరీక్ష అవసరంలేని పలచన మాత్రలకు మారుస్తామని ఎవరైనా అంటే, స్టీలు వాల్వు ఉన్నవాళ్లు ఒప్పుకోవద్దు. వాటిలో ఒకటైన డాబిగట్రాన్‌తో స్టీలు వాల్వు రోగుల మీద చేసిన ప్రయోగాన్ని గడ్డలూ రక్తస్రావాలూ రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు, 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. వాల్వు మార్చకపోయినా, రుమాటిక్ జబ్బుతో ఫిబ్రిలేషన్ ఉన్న 4,531 మంది మీద, అదే కోవలోని రివరాక్సబాన్‌ను పాత మందుతో పోల్చి 2022లో ప్రచురించారు. పాత మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ.

మాత్ర మానేసిన స్టీలు వాల్వు మీద గడ్డ కడితే లక్షణాలు ఇలా ఉంటాయి: రెండు మూడు రోజులుగా పెరిగే ఆయాసం, రాత్రి నిశ్శబ్దంలో ఇంట్లోవాళ్లకు వినిపించే టిక్ టిక్ మొద్దుబారడం, ఒక్కోసారి పక్షవాతమే మొదటి గుర్తు. ఫ్లోరోస్కోపీలో (కదలికను చూపే ఎక్స్‌రే) రెక్క కదలకపోవడం చూసి, గడ్డ కరిగించే మందు నెమ్మదిగా గంటల తరబడి ఎక్కిస్తారు, లేదా మళ్లీ ఆపరేషన్. దీనికి రేపు ఉదయం ఓపీ దాకా ఆగొద్దు.

పెనిడ్యూర్, పళ్లు, జ్వరం

రుమాటిక్ జబ్బున్నవాళ్లకు 12 లక్షల యూనిట్ల పెనిసిలిన్ ఇంజెక్షన్ (పెనిడ్యూర్) మూడు వారాలకోసారి, చివరిసారి కీళ్లవాత జ్వరం వచ్చాక పదేళ్లు లేదా నలభై ఏళ్ల వయసు, ఏది ఎక్కువైతే అంతవరకు. వాల్వు మార్చారు కదా అని ఆపకూడదు, మిగతా వాల్వులు ఇంకా రుమాటిక్‌వే. మందు చిక్కటిది. కలిపాక ఉంచేస్తే సూది మూసుకుపోతుంది. కలిపిన వెంటనే, పిరుదు కండరంలో లోతుగా, రెండు మూడు నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఇస్తే నొప్పి తక్కువ. ఐఎన్‌ఆర్ మందు మీద ఉన్నవాళ్లకు ఆ రోజు ఐఎన్‌ఆర్ పరిధిలో ఉందో లేదో చూసి ఇచ్చి, పది నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాలి. తీవ్రమైన స్టెనోసిస్ గానీ, కొద్దిగా నడిచినా ఆయాసం గానీ ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ బదులు పెనిసిలిన్ మాత్రలే మంచిదని 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచించింది. ఇంజెక్షన్ వేసిన కాసేపటికి కూలిపోయిన కేసుల్లో చాలావాటికి కారణం అలర్జీ కాదు, అప్పటికే నీరసించిన గుండె ఆ నొప్పికి తట్టుకోలేకపోవడమని పరిశీలనలో అనిపించింది.

కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లు పన్ను తీయించుకునే ముందు, అరగంట నుంచి గంట లోపు అమాక్సిసిలిన్ 2 గ్రాములు ఒక్క మోతాదు వేసుకోవాలి. పెనిసిలిన్ మీద ఉన్నవాళ్లకు వేరే మందు రాస్తారు. పన్ను కోసం ఎసిట్రోమ్ ఆపనక్కర్లేదు. ఐఎన్‌ఆర్ 3.5 లోపు ఉంటే కుట్టు, గాజ్ గుడ్డతో ఒత్తిడి, ట్రానెక్సామిక్ ద్రావణంతో పుక్కిలింత సరిపోతాయి. "పన్ను కోసం అయిదు రోజులు ఆపండి" అన్న సలహా విని వాల్వు మీద గడ్డ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

వాల్వు జబ్బున్న మనిషికి వారం దాటిన జ్వరం ఉంటే, అది వాల్వు ఇన్‌ఫెక్షన్ కావచ్చు గనుక, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్ష) పంపాలి. వేర్వేరు చోట్ల నుంచి మూడుసార్లు, ఒక్కో సీసాకు 8 నుంచి 10 మి.లీ. ఊళ్లో నాలుగు సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు పొడిచాక పంపిన కల్చర్‌లో ఏమీ పెరగదు, ఏ క్రిమో తెలియక ఆరు వారాలు గుడ్డిగా వైద్యం చేయాల్సి వస్తుంది. వాల్వు ఇన్‌ఫెక్షన్‌తో చేరినవాళ్లలో 15 నుంచి 20 శాతం ఆ అడ్మిషన్‌లోనే చనిపోతున్నారు. గుండె వైఫల్యం మొదలైనా, వాల్వు పక్కన చీము చేరినా, వాల్వు మీద సెంటీమీటరు దాటిన క్రిముల ముద్ద ఊగుతూ ఉండి ముక్కలు ఎగిరిపడుతున్నా, ఆరు వారాల మందు పూర్తయ్యేదాకా ఆగకుండా ఆపరేషన్ చేయాలి.

పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు గర్భం నిలిచాక కాదు, ముందే మాట్లాడాలి. ఆరో వారం నుంచి పన్నెండో వారం వరకు ఎసిట్రోమ్, వార్ఫారిన్ పిండానికి కీడు చేయగలవు. మందు మానేస్తే తల్లి వాల్వు మీద గడ్డ. ఈ రెండు ప్రమాదాల మధ్య దారి, హెపారిన్ ఇంజెక్షన్లా తక్కువ మోతాదు మాత్రలా అన్నది, కార్డియాలజిస్టు, గైనకాలజిస్టు కలిసి ముందే కాగితం మీద పెట్టాలి. ఇది అత్తగారో, ఆడపడుచో ఇంట్లో తేల్చే విషయం కాదు.

ఇంటికొచ్చాక మొదటి రెండు నెలలు రొమ్ము ఎముక అతుక్కునే కాలం. అయిదు కిలోలకు మించి ఎత్తొద్దు, బైకు నడపొద్దు, చేతులతో నొక్కి మంచం మీంచి లేవొద్దు. ఎముక టక్కున కదిలినట్టు అనిపించినా, కుట్ల నుంచి నీరు కారినా చూపించాలి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే. ఆవకాయ, వడియాలు, అప్పడాలు ఈ నీటికి దగ్గరి దారి. అలాగని రోహిణికార్తెలో, నలభై అయిదు డిగ్రీల ఎండలో, లాసిక్స్ వేసుకుంటూ గ్లాసుల లెక్కన నీళ్లు తాగడం కట్టడి చేసుకుని కూర్చుంటే బీపీ పడిపోతుంది. ఎండాకాలం లాసిక్స్ మోతాదు తగ్గించాలా అని ఏప్రిల్‌లోనే అడగండి.

ఖర్చు సంగతి. వాల్వు మార్పిడి, బెలూన్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తాయి. రైస్ కార్డు, ఆధార్ తీసుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్తే అనుమతికి వాళ్లే పంపుతారు. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో 2016లో గుండెమార్పిడే జరిగింది. ప్రభుత్వాసుపత్రి అనగానే వెనక్కి తగ్గాల్సిన పని లేదు. అనుమతికి ఎకో, ఈసీజీ, రక్తపరీక్షల అసలు కాగితాలు కావాలి, ఫోనులో ఫోటో చాలదు. డిశ్చార్జి అయ్యేటప్పుడు వాల్వు కార్డు అడిగి తీసుకోండి. దానిమీద వాల్వు పేరు, సైజు, సీరియల్ నంబరు ఉంటాయి. రేపు ఎంఆర్ఐ తీయాలన్నా, మళ్లీ ఆపరేషన్ అవసరమైనా మొదట అడిగేది ఆ కార్డే. ఆపరేషన్ అయిన ఆరు వారాల నుంచి మూడు నెలల లోపు ఒక ఎకో తీయించి ఆ రిపోర్టును కార్డుతోపాటు ఫైలులో ఉంచండి. అయిదేళ్ల తర్వాత ఆయాసం అంటూ వెళ్లినప్పుడు కొత్త రిపోర్టును పోల్చి చూసేది దానితోనే.